బోరింగుకు ఎర్ర రంగు

"తుడుస్తవా, తుడువవా? ఒక్క మాట చెప్పు."

హరిచంద్ వాకిట్లో నిలబడి అడిగాడు. ఒక చేతిలో కిరసనాయిలు డబ్బా, ఇంకో చేతిలో పాత గుడ్డ. ఆదివారం పొద్దు. పొయ్యి మీద చాయ్ ఇంకా పొంగలేదు.

జమున కొంగు నెత్తి మీదికి లాక్కుంది. పద్నాలుగేళ్ల కాపురంలో భర్త అన్నకు ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఆయన వస్తే తలుపు వెనక్కు పోయేది. ఏదైనా చెప్పాలంటే భర్త హరిలాల్‌తోనో, అత్త దుర్గితోనో చెప్పించేది. ఇవాళ గడప దాటి ముందుకు వచ్చింది.

"తుడువ బావా."

దుర్గి అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. ఆమె చేయి ఆగింది. గోడకు ఆనుకుని నిలబడ్డ హరిలాల్ తల దించుకున్నాడు.

"విన్నవారా తమ్మీ? నీ పెండ్లాం ఏమన్నదో విన్నవా?" హరిచంద్ గొంతు పెరిగింది. "బడి కాడ బాపు పేరున్న బోరింగు అది. ఎనిమిదేండ్ల కింద నేను నిలబడి తవ్విచ్చిన. బండ మీద బాపు పేరు చెక్కిచ్చిన. నిన్న సాయంత్రం ఈమె పోయి దాని మూతికి ఎర్ర రంగు పూసి వచ్చింది. ఆ రంగు కారి కారి బాపు పేరు మీద పడ్డది. తేజ్యా అని రాసిన కాడ నెత్తురు లెక్క కనిపిస్తున్నది. తండాల అందరు చూస్తున్నరు."

"పేరు మీద పడ్డది నా తప్పే." జమున ఒప్పుకుంది. "ఇప్పుడే పోయి పేరు కడుగుత. బోరింగు మూతి మీది రంగు మాత్రం తుడువ. ఆ నీళ్లు తాగద్దని రంగు పూసిన. తాగద్దు బావా, ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది."

"ఎనిమిదేండ్ల సంది తాగుతున్న. సచ్చిన్నా?"

"సావరు. పిల్లల పండ్లు పోతయి. బొక్కలు పోతయి."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నీళ్లే చెప్పినయి. నేను పరీక్ష చేసిన."

హరిచంద్ నవ్వాడు. ఆ నవ్వులో కోపం కంటే వెటకారమే ఎక్కువ వినిపించింది. "కామారెడ్డికి పోయి అయిదు దినాలు ట్రైనింగు చేసి వచ్చింది. ఇగ మాకు నీళ్లు తాగుడు నేర్పుతది! నిన్ను పంపింది పిల్లలకు పాఠం చెప్పనీకి. ఇంటి మీద పడనీకి కాదు. బుధవారం నేను సర్పంచికి నామినేషన్ ఎయ్యాలె. అవుతలోళ్లు ఇప్పుడే మొదలుపెట్టిండ్రు, హరిచంద్ తండాకు విషం తాపిండని. ఈ మాట వాళ్ల నోట్లె పెట్టింది ఎవరు? మా ఇంటి కోడలు."

పొయ్యి మీద చాయ్ పొంగి నిప్పులో పడి చుయ్యిమంది. లోపల్నుంచి కళ పరుగెత్తుకుంటూ వచ్చి గిన్నె దించింది. జమున కూతురు, ఏడో తరగతి. పెదనాన్న ముఖం చూసి మళ్లీ లోపలికి పోయింది.

హరిచంద్ డబ్బా తెచ్చి జమున కాళ్ల దగ్గర పెట్టాడు. గుడ్డ దాని మీద వేశాడు.

"రేపు బడి గంట కొట్టేలోపల ఆ రంగు పోవాలె. లేకుంటే తండా అందరి ముందల నేనే తుడుస్త. తుడిసి, ఆ నీళ్లే తాగుత. అటెన్క నువ్వు ఏ ముఖం పెట్టుకొని ఈ తండాల తిరుగుతవో చూస్త."

ఆయన పోయాక దుర్గి నూనె గిన్నె పక్కకు జరిపి కళ్లు మూసుకుంది.

*

"అన్న లేకుంటే నేను ఏడుంటుంటి జమునా?"

హరిలాల్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. కామారెడ్డి డిపోలో బస్సు కండక్టరు. మధ్యాహ్నం డ్యూటీకి పోవాలి.

"బాపు పోయినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. అన్న బడి బంద్ చేసి నాగలి పట్టిండు. నన్ను సైకిల్ మీద ఎల్లారెడ్డి దాంక తీస్కపోయి బడిల దించేటోడు. వానొచ్చినా, ఎండొచ్చినా. నేను చదివిన అంటే, నీ అసోంటి చదువుకున్న పిల్లను చేసుకున్న అంటే, అదంత అన్న పుణ్యం."

"నాకు తెల్వదా?"

"తెలిసినంక సుత గిట్ల చేస్తవా? ఇంట్ల చెప్పొచ్చు కద. మెల్లగ చెప్పొచ్చు. తండా మొత్తం చూసేటట్టు రంగు పూసుడు ఎందుకు?"

"చెప్పలేదా?" జమున అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ట్రైనింగు నుంచి వచ్చిన శుక్రవారమే నీకు చెప్పిన. అన్నకు చెప్త అన్నవు. ఆదివారం అడిగితే టైం చూసి చెప్త అన్నవు. బుధవారం అడిగితే నామినేషన్ అయినంక చెప్త అన్నవు. నువ్వు టైం చూస్తున్నవు. పిల్లలు దినాం తాగుతున్నరు."

హరిలాల్ మంచం మీద కూర్చున్నాడు.

"నీకు ఆ ట్రైనింగు సంగతి మొత్తం చెప్పలేదు," అంది జమున. "చెప్తే నవ్వుతవని."

ఆమె కూడా కూర్చుంది.

"పదకొండేండ్ల సంది సైన్సు చెప్తున్న. పరీక్షనాళిక బోర్డు మీద గీస్త, పిల్లలు నోట్‌బుక్కుల గీస్తరు. మొదటిరోజు ట్రైనింగిచ్చే ప్రణీత మేడం వచ్చి మా చేతులకు ఒక్కొక్క గాజు గొట్టం ఇచ్చింది. నలభై మందిమి ఉన్నం. రాజంపేటోళ్లు, సదాశివనగరోళ్లు, రామారెడ్డోళ్లు. ఎవ్వలకు పట్టుకొనుడు రాలే. రామారెడ్డి ఊరి నుంచొచ్చిన సార్ ఒకాయన ఇరవై ఏండ్ల సర్వీసు, చేతులు వణికి కింద పడేసిండు. అందరం నవ్వినం. నేను సుత నవ్విన. తర్వాత నాకు సిగ్గయింది. పదకొండేండ్లు నేను పిల్లలకు ఏం చెప్పిన్నని."

హరిలాల్ ఆమె ముఖంలోకి చూశాడు.

"రెండో రోజు ఆకులతోని ఎరువు కుప్ప పెట్టించిండ్రు. మూడో రోజు వాన కొలిచేందుకు బాటిల్ కోసి సామాను తయారు చేయించిండ్రు. నాలుగో రోజు ఎవరి బడి నీళ్లు వాళ్లే పరీక్ష చెయ్యాలె. నేను మన బోరింగు నీళ్లు తీస్కపోయిన. ఎంత ఖుషీగ తీస్కపోయిన్నో తెల్సా? మా మామ పేరు మీద తవ్విన బోరింగు అని పక్కన కూసున్న మేడంకు చెప్పుకున్న."

"అయితే?"

"నీళ్లల్ల మందు చుక్కలు ఏస్తే గులాబీ రంగు రావాలె. అట్లనే ఉంటే మంచి నీళ్లు. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే అంత పసుపు అయితయి. అందరివి గులాబీ, కొందరివి జర నారింజ. నాది నిమ్మకాయ లెక్క పసుపు. నేను తప్పు చేసిన్ననుకొని మళ్ల చేసిన. మళ్ల పసుపే. మూడోసారి ప్రణీత మేడం పక్కన నిలబడి చేయించింది. మెషీన్ల సుత పెట్టి చూసింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటద్దు. మనయి నాలుగు."

గుమ్మం దగ్గర అలికిడి అయింది. కళ నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో తెలియదు.

"అమ్మా, నా పండ్లు గిట్ల అయింది ఆ నీళ్లతోనేనా?"

ఆ పిల్ల నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం రెండేళ్లుగా అలవాటు చేసుకుంది. ముందుపళ్ల మీద సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చలు, వాటి మధ్య గోధుమరంగు గీతలు. సరిగ్గా తోముకోవడం లేదని ఆ పిల్లను ఎన్నిసార్లు తిట్టిందో జమునకు గుర్తొచ్చింది. ఒకసారి కొట్టింది కూడా.

"అవు బిడ్డా."

"ఇప్పటి సంది మంచి నీళ్లు తాగితే పోతయా?"

జమున అబద్ధం చెప్పాలనుకుంది. నోరు రాలేదు.

"పోవు. చిన్నోళ్లకు రాకుండ ఆపొచ్చు."

కళ ఏడవలేదు. "అయితే తుడువకు అమ్మా," అని బయటికి పోయింది.

హరిలాల్ లేచి సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నీళ్లు మరి ఏడికెల్లి తెచ్చుకోవాలె తండా?" అని అడిగాడు.

"ట్రైనింగుల ఇచ్చిన మందుతోని మన బాయి నీళ్లు చూసిన. కుంట చూసిన, తండాల ఇంకో రెండు బోర్లు చూసిన. గులాబీ రంగు వచ్చింది మన బాయి నీళ్లకే."

"అన్న సేద్యం చేస్తున్న బాయా?"

"అదే."

హరిలాల్ గడప దాటాడు. అతని బండి చప్పుడు తండా మలుపు దాటేదాకా జమున వింటూ కూర్చుంది.

*

మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి హెడ్మాస్టర్ తిరుపతి మోటారు సైకిల్ మీద వచ్చాడు. రిటైర్మెంట్‌కు ఏడాదే ఉంది. ఎవరితోనూ మాట పడకుండా ఆ ఏడాది గడిపేయాలని ఆయన కోరిక, ఆ సంగతి దాచుకోడు కూడా.

"మేడం, నా మీద ఒత్తిడి వస్తున్నది. మీ మీద ఎవరో ఫిర్యాదు చేసిండ్రు. ఎలక్షన్ టైంల టీచర్ రాజకీయం చేస్తున్నదని."

"నీళ్లు పరీక్ష చేసుడు రాజకీయమా సార్?"

"నాకు తెల్వదా మేడం, మీరు అసోంటోళ్లు కాదని. అందుకే ఒక ఉపాయం తెచ్చిన." ఆయన జేబులోంచి మడత కాగితం తీశాడు. "రంగు పిల్లలు పూసిండ్రని రాసి సంతకం పెట్టండి. ఆడుకుంట పూసిండ్రు, మీకు తెల్వదు. గంతే. మీ బావగారి కోపం పోతది, ఫిర్యాదు పోతది, నా తలనొప్పి పోతది."

జమున కాగితం విప్పి చదివింది. ఆయనే అందంగా రాసుకొచ్చాడు. సంతకానికి కింద చోటు వదిలాడు.

"పిల్లల మీదికి తోయాల్నా సార్?"

"పిల్లలను ఎవరేమంటరు మేడం?"

"ఇప్పటికే ఎవరు ఏమనకనే కద వాళ్ల పండ్లు గట్లయినయి." ఆమె కాగితం వెనక్కు తిప్పింది. కూతురి పెన్ను తీసుకుని, కాగితాన్ని గోడకు ఆనించి తనే రాయడం మొదలుపెట్టింది. రాసింది పైకి చదివి వినిపించింది.

"బడి దగ్గరి బోరింగు నీళ్లను మూడుసార్లు పరీక్ష చేశాను. ఫ్లోరైడ్ ఉండవలసిన దానికి రెండింతలు దాటి ఉంది. పిల్లలు ఆ నీళ్లు తాగకూడదని బోరింగుకు ఎర్ర రంగు నేనే పూశాను. ఎవరూ పూయమనలేదు. అవసరమైతే మళ్లీ పూస్తాను. ఇట్లు, జమున, సైన్సు టీచర్."

తిరుపతి కాగితం తీసుకుని చివరి వరుస మీద వేలు పెట్టాడు.

"చివరి మాట కొట్టేయండి మేడం. మళ్లీ పూస్తాను అన్నది."

"అదొక్కటే నేను ఆలోచించి రాసిన మాట సార్."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైకి పంపుతానని గానీ, పంపనని గానీ చెప్పలేదు. చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

అరుగు మీద దుర్గి అదంతా వింది. కోడలి వైపు ఒకసారి చూసి మళ్లీ ముఖం తిప్పుకుంది. రాత్రి అన్నం కూడా జమున చేతి నుంచి తీసుకోలేదు. కళ పెడితే తిన్నది.

*

సోమవారం పొద్దున బోరింగు దగ్గర తండా సగం చేరింది. బండ మీది పేరు జమున కడిగేసింది, మూతి మీది రంగు అట్లాగే ఉంది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. ఎర్ర రంగు చూసి ఒకరూ చేయి వేయలేదు, వేయకుండా ఇంటికి పోలేకపోతున్నారు.

"రంగైతే పూసినవు టీచరమ్మా, నీళ్లు ఎవరిస్తరు?" గంగామణి అడిగింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. "కాగబెట్టుకొని తాగితే కాదా?"

"కాగబెడితే పోయేది కాదు అక్కా. జర ఆగు, నీ కండ్లతోనే చూద్దువు."

జమున బడిలోంచి బల్ల తెప్పించి వేపచెట్టు నీడలో వేసింది. మీద రెండు గాజు గ్లాసులు, మందు సీసా, రంగుల పట్టీ. అప్పుడే హరిలాల్ బండి వచ్చి ఆగింది. డ్యూటీకి పోవాల్సిన మనిషి పంచెకట్టులో ఉన్నాడు. పంచె అంచు మోకాళ్ల దాకా తడిసింది. నీళ్ల సీసా ఒకటి బల్ల మీద పెట్టి, "బాయి నీళ్లు," అని మాత్రం అన్నాడు.

అన్న అప్పటికే రంగు తుడవడానికి నలుగురు మనుషులను వెంటపెట్టుకుని వచ్చి నిలబడి ఉన్నాడు.

"నువ్వు సుతనా తమ్మీ?"

హరిలాల్ పోయి భార్య పక్కన నిలబడ్డాడు.

హరిచంద్ బల్ల మీది మందు సీసా ఎత్తి చూశాడు. "ఇదంత గారడీ. మందు ఆమె చేతిల ఉన్నది. ఆమెకు కావాల్సిన రంగు ఆమె తెప్పిస్తది."

"నిజమే బావా. నేను చేస్తే నమ్మద్దు." జమున బల్ల నుంచి నాలుగడుగులు వెనక్కు జరిగింది. "నేను ముఖం తిప్పుకుంట. ఒక గ్లాసుల బోరింగు నీళ్లు మీరే పొయ్యండి, ఇంకో దాంట్ల బాయి నీళ్లు పొయ్యండి. దేంట్ల ఏదున్నదో మీకు తప్ప ఎవ్వరికి తెల్వద్దు. మందు ఇంకెవరన్న ఎయ్యాలె. అయిదు చుక్కలు."

గుంపు గుసగుసలాడింది. హరిచంద్ వెనక్కు తగ్గే మనిషి కాదు. అందరినీ అటు తిరగమని, తన ఒంటితో బల్లను చాటు చేసి, బోరింగు కొట్టి ఒక గ్లాసు, హరిలాల్ తెచ్చిన సీసాతో ఇంకో గ్లాసు నింపాడు.

"మందు ఎవరేస్తరు?"

"నేనేస్త."

అందరూ తిరిగి చూశారు. దుర్గి. కర్ర ఊతంతో మెల్లగా నడిచి వస్తోంది. ఇంటి నుంచి బడి దాకా ఆమె నడిచి వచ్చి ఏడాదైంది. చేతుల నిండా తెల్లటి గాజులు కదిలాయి.

"యాడీ, నువ్వెందుకు వచ్చినవు?" హరిచంద్ తల్లికి ఎదురు పోయాడు.

"నా మొగని పేరు మీద పంచాయితి అయితుంటే ఇంట్ల కూసుంటనా?"

జమున ముఖం తిప్పుకునే చెప్పింది, ఎట్లా పట్టుకోవాలో, ఎట్లా ఒత్తాలో. దుర్గి వంకరపోయిన వేళ్లతో మందు సీసా పట్టుకుంది. ఒక్కో చుక్క పడుతుంటే పైకి లెక్కపెట్టింది. గ్లాసులను మెల్లగా తిప్పింది.

చంకలో పసిపిల్ల ఏడిస్తే గంగామణి దాని నోరు మూసింది.

కుడివైపు గ్లాసులో గులాబీ రంగు నిలిచింది. ఎడమవైపుది గులాబీ అయి, పలచబడి, చూస్తుండగానే పసుపుకు తిరిగింది.

"ఒకటి పసుపయింది," దుర్గి అంది. "అది ఏ నీళ్లురా హరిచందూ?"

జమున ఇంకా అటు తిరిగే ఉంది. బావ అబద్ధం చెప్పొచ్చు. కాదనేవాళ్లు ఎవరూ లేరు. గ్లాసుల గుట్టు ఆయన ఒక్కడికే తెలుసు. ఒక్క మాటతో ఆమె చదువు, పదకొండేళ్ల ఉద్యోగం, పరువు అన్నీ ఈ వేపచెట్టు కిందే పోతాయి.

హరిచంద్ ఆ గ్లాసునే చూస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"చెప్పు కొడకా."

"బోరింగుది," అన్నాడు. దగ్గరున్న వాళ్లకే వినిపించింది. మళ్లీ తనే గొంతు పెంచి అన్నాడు. "బోరింగుది! బాపు కావడి మోసి మోసి భుజాలు కాయలు కాసి సచ్చిపోయిండు. ఇంకొకలు అట్ల మోయద్దని తవ్విచ్చిన. నేను విషం కలిపిన్నా?"

జమున ఇటు తిరిగింది. "మీ తప్పని ఎవ్వరనలే బావా. భూమి లోపల ఉన్నది మీకెట్ల తెలుస్తది? తెలిసినంక ఏం చేసిండ్రన్నదే అడుగుతరు."

ఒక్క నిమిషం ఆయన మెత్తబడ్డట్టే కనిపించాడు. అంతలో గంగామణి బిందె చంకకెత్తుకుంది. "అయితే ఇగ మేము మీ బాయికే వస్తం అన్నా."

ఆ మాటతో ఆయన ముఖం మళ్లీ బిగుసుకుంది. వెంట వచ్చిన నలుగురి వైపు చూశాడు. వాళ్లు అప్పుడే ఒక్కొక్కరుగా పక్కకు జరుగుతున్నారు.

"బాయికాడ ఎవ్వరు అడుగు పెట్టద్దు. మక్కచేను మొలకల మీదున్నది. తొక్కితే ఊకోను. బుధవారం నామినేషన్. ఇయ్యాల బాయి ఇస్తే, హరిచంద్ బోరింగు చెడ్డదని నేనే డప్పు కొట్టినట్టు. చూసేది చూసిండ్రు, ఇంటికి పోండ్రి."

అని ఆయన గబగబా నడిచి, బడి వెనక నుంచి చేనుకు పోయే బాటకు అడ్డంగా నిలబడ్డాడు. ముళ్లకంప లాగి బాట మధ్యలో వేశాడు.

ఆడవాళ్లు ఆగిపోయారు. హరిలాల్ ఒక అడుగు వేసి నిలిచిపోయాడు. జమున నోరు తెరవబోయింది.

దుర్గి ఆమె భుజం మీద చేయి వేసి ఆపింది. నిన్నటి నుంచి కోడలిని తాకడం అదే మొదలు.

"ఆ చేను పట్టా ఎవరి పేరు మీద ఉన్నదిరా?"

హరిచంద్ ముళ్లకంపను కాలితో ఇంకాస్త ముందుకు నెట్టాడు.

"తండాకు ఎరుకే. నువ్వే చెప్పు."

"నీ పేరు మీద యాడీ. ఉంటే ఏంది? దున్నేది నేను."

"దున్నుకో. నేనొద్దన్ననా?"

ముసలామె కర్ర తీసి బల్లకు ఆనించింది. గంగామణి చంకలోని బిందె అడిగి తీసుకుంది. నడుముకు ఎత్తుకోబోతే మోకాళ్లు వంగలేదు, ఒక్క క్షణం తూలింది. కళ పరుగెత్తుకొచ్చి పట్టుకోబోతే వద్దని చేయి ఊపింది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి బిందె నడుము మీద నిలిచింది.

ఆమె బాట పట్టింది. వెనక ఒక్కొక్క బిందే లేచిన చప్పుడు.

ముళ్లకంపకు అవతల హరిచంద్ నిలబడ్డాడు, రెండు చేతులూ చాచి. తల్లికీ కొడుక్కీ మధ్య పది అడుగులు, ఎనిమిది, అయిదు.

"యాడీ, ఆగు. అందరి ముందల నా ఇజ్జత్ తియ్యకు."

ఆమె ఆగలేదు. ఆయన జరగలేదు. దుర్గి వట్టి పాదం ఎత్తి ముళ్ల మీద పెట్టింది.